గుడ్డ డైపరు కారుతోందా? ముందు చెంచాడు నీళ్లు పోసి చూడండి

మంచం పట్టిన పెద్దవాళ్లకు గుడ్డ డైపర్లు వాడే ఇళ్లలో, పక్క తడిసిందంటే వెంటనే చేసే పని ఇంకో రెండు మడతలు వేయడం. దాంతో తొడల మధ్య దళసరి పెరిగి చర్మం ఒరుసుకుపోతుంది, కారడం మాత్రం ఆగదు. మడతలు పెంచేముందు దయచేసి ఒక్క పరీక్ష చేయండి. ఉతికి ఆరిన గుడ్డను పరిచి మధ్యలో చెంచాడు నీళ్లు పోయండి. నాలుగైదు సెకన్లలో ఇంకిపోతే గుడ్డ బాగుంది, తేడా కట్టులోనో, గుడ్డ మీద తొడిగే ప్లాస్టిక్ పొర ఉన్న కవరులోనో ఉంది. తామరాకు మీద నీళ్లలా బొట్టు కట్టి జారిపోతే ఎన్ని మడతలు వేసినా దండగే.

నీళ్లు ఇంకుతున్నాయి, అయినా కారుతోంది

తడి ఎక్కడ మొదలైందో చూడండి. తొడల దగ్గరైతే గుడ్డ అంచు కవరు బయటికి వచ్చి ఉంటుంది. ఆ అంచే తడిని పీల్చి దుప్పటికి అందిస్తుంది. చుట్టూ వేలు పెట్టి అంచులన్నీ లోపలికి దోపండి. ఎలాస్టిక్ కింద ఒక వేలు పట్టాలి, రెండు పడితే వదులు. మగవాళ్లకు అదనపు మడత ముందు వైపు ఉండాలి, అంగం కిందికి ఉండేలా కట్టాలి. ఆడవాళ్లకు మడత మధ్యలో, వెనక వైపు ఉండాలి. ఒత్తిగిలి పడుకునేవారికి ఏ పక్కకి పడుకుంటే ఆ పక్కన వేయాలి.

కవరు నడిమధ్య చెమ్మ కనిపిస్తే లోపలి ప్లాస్టిక్ పొర ఊడినట్టే. మరిగే నీళ్లు, ఇస్త్రీ పెట్టె, బ్లీచింగ్ దాన్ని పాడుచేస్తాయి. అది బాగుపడదు, మార్చేయండి.

గుడ్డ చాలడం లేదేమో అనిపిస్తే కాటాతో తేల్చుకోవచ్చు. పొడి గుడ్డనూ, మార్చినప్పుడు తడి గుడ్డనూ తూచండి. తేడా ఎన్ని గ్రాములో, గుడ్డ దాదాపు అన్ని మిల్లీలీటర్ల మూత్రం పట్టినట్టు.

నీళ్లు ఇంకడం లేదు

గుడ్డ కొత్తదైతే నూలులోని సహజ మైనం, నేతలో పెట్టిన గంజి ఇంకా పోలేదని అర్థం. వేడినీళ్లలో నాలుగైదు ఉతుకులు పడితే సరి.

నెలల తరబడి బాగా పీల్చిన గుడ్డ ఉన్నట్టుండి మొండికేస్తే మాత్రం నీళ్లను అనుమానించండి. కృష్ణా, గోదావరి డెల్టాలో ఇది ఎక్కువగా ఎండాకాలంలో బయటపడుతుంది. కాలువలు కట్టేశాక కుళాయి నీళ్లు తగ్గుతాయి, ఉతుకు బోరు నీళ్లకు మారుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలోనైతే బోరు నీళ్లు ఉప్పగా కూడా ఉంటాయి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం బట్టల సబ్బుతో కలిసి నీళ్లలో కరగని జిడ్డు మడ్డి అవుతాయి. అది నూలు పోగుకు మైనంలా పడుతుంది. చూడ్డానికి గుడ్డ శుభ్రంగానే ఉంటుంది, కాస్త బిరుసెక్కుతుంది అంతే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంకా ఎక్కువ సబ్బు రుద్దుతారు, మడ్డి ఇంకా పెరుగుతుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కుళాయి నీళ్లతో ఉతికి, చివరిగా బోరు నీళ్లలో జాడించినా ఇదే జరుగుతుంది. గుడ్డలో మిగిలిన సబ్బు ఆ జాడింపులోనే విరిగి పోగుకు అంటుకుంటుంది. తలకిందులుగా చేయండి. నీళ్లు తక్కువున్న రోజుల్లో సబ్బు పెట్టకముందు చేసే జాడింపులకు బోరు వాడి, సబ్బు పెట్టాక జాడించడానికి రెండు బకెట్లు మంచినీళ్లు ఆపుకోండి.

నీళ్లు ఎలాంటివో తెలియాలంటే సీసాలో సగం నీళ్లు పోసి, చిటికెడు స్నానపు సబ్బు తురుము వేసి ఊపండి. నురగ నిలవకుండా నీళ్లు పాలలా విరిగితే, ఆ నీళ్లతో బట్టల సబ్బు వాడొద్దు. డిటర్జెంట్ పొడికి మారండి.

ఇప్పటికే పట్టిన మడ్డిని ఇలా వదిలించాలి. ఇది నూలు గుడ్డలకే, కవర్లకు కాదు. ముందు మూత్రమంతా పోయేలా జాడించండి. ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల వేడినీళ్లు పోసి, 2 పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి గంట నానబెట్టి పిండండి. ఒకసారి జాడించాక, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న 10 లీటర్ల నీళ్లలో 2 పెద్ద చెంచాల బట్టల సోడా, ఒక చెంచా డిటర్జెంట్ పొడి వేసి కర్రతో కలుపుతూ అరగంట ఉంచండి. నిమ్మ ఉప్పు మడ్డిలోని కాల్షియం, మెగ్నీషియంను విడదీస్తుంది, మిగిలిన జిడ్డును సోడా లాగేస్తుంది. ఈ వరుస మార్చొద్దు, రెండూ ఒకే బకెట్లో కలపొద్దు. నురగ రాకుండా పోయేవరకు మంచినీళ్లలో జాడించి, ఎండలో ఆరేసి, మళ్లీ చెంచాడు నీళ్లు పోసి చూడండి. ఇంకా బొట్టు కడితే మరోసారి చేయాలి.

నిమ్మ ఉప్పుతో బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. మూత్రం ఉన్న గుడ్డ మీదా బ్లీచింగ్ పోయకండి.

బొట్టు నడుము, తుంటి ఆనే చోటే కడుతుంటే అది కొబ్బరినూనె పనో, క్రీము పనో. దీనికి సోడా ఉతుకు ఒక్కటే చాలు. ఇకపై నూనె పలచగా రాసి, మీద పల్చని పాత పంచె ముక్క వేసి డైపరు కట్టండి. బట్టలు మెత్తబడే ద్రావణాలూ ఇలాగే పొర కడతాయి, మానేయండి.

వాసన, ఎరుపు

ఉతికిన గుడ్డ తడవగానే ఘాటుగా కొడితే సూక్ష్మజీవులు లోపల మిగిలాయి. గుడ్డ తీసిన వెంటనే జాడించాలి. ముసురు రోజుల్లో సగం ఆరిన గుడ్డను మడతపెట్టకుండా ఇస్త్రీతో పూర్తిగా ఆర్పాలి. పక్క తడుస్తుందని పెద్దవాళ్లకు నీళ్లు తగ్గించకండి. మూత్రం చిక్కబడి వాసన పెరుగుతుంది.

ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే అది ఇంకా పుండుగా మారలేదు. తరచూ గుడ్డ మార్చి గాలి తగలనివ్వండి. నొక్కినా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టే. ఆ రోజే డాక్టరుకో నర్సుకో చూపించండి. ముదురు రంగు చర్మం మీద ఎరుపు తెలియదు. వేడి, గట్టిదనం, నొప్పి చూసుకోవాలి.

కుట్టు రంధ్రాల్లోంచి కారడం లాంటివి అరుదు, వాటి వెంట పడొద్దు. గుడ్డ, కట్టు, కవరు అన్నీ సరిగ్గా ఉండి తడి ఒక్కసారిగా రెట్టింపైతే మాత్రం షుగరు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కొత్తగా రాసిన నీటి మాత్రల (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేవి) సంగతి డాక్టరును అడగండి. జ్వరంగానీ, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటంగానీ తోడైతే తెల్లారేవరకు ఆగకండి.