మిలాన్‌లో ఆఫీసు పని చూసుకుంటూనే ఊరు చూడటం ఎలా

మిలాన్‌కు పని మీద వెళ్లేవాళ్లకు మిగిలేది ఒకటి రెండు సాయంత్రాలు, తిరుగు ప్రయాణం రోజు ఒక పూట. ఊరి నడిబొడ్డు చిన్నదే కాబట్టి అంత సమయమూ చాలు. చిక్కంతా వేళలతోనే. మ్యూజియాల్లో చాలావాటికి సోమవారం సెలవు, కొన్ని సాయంత్రం ఐదున్నరకే మూసేస్తారు.

మీటింగు తేదీలు ఖరారైన రోజే లియొనార్డో డావిన్సీ గోడ మీద వేసిన క్రీస్తు చివరి విందు బొమ్మ ‘లాస్ట్ సప్పర్’ చూసే టికెట్ కోసం ప్రయత్నించండి. అధికారిక వెబ్‌సైట్‌లో కొన్ని నెలల టికెట్లు ఒకేసారి విడుదల చేస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. దొరక్కపోతే టికెట్‌తో కలిపి అమ్మే గైడ్ టూర్లు చూడండి, ధర ఎక్కువైనా చోటు దొరికే అవకాశం ఉంటుంది. టికెట్ మీద పేరు ఉంటుంది కనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. అరగంట ముందే చేరండి, ల్యాప్‌టాప్ బ్యాగు లాకర్‌లో పెట్టాలి. బయటి తేమ, దుమ్ము చొరబడకుండా ఒక తలుపు మూశాకే ఇంకో తలుపు తీస్తూ జట్లుగా పంపుతారు. అందుకే మీ జట్టు వెళ్లిపోయాక వస్తే టికెట్ వృథా. మీటింగు ముగిసే వేళకీ టికెట్ వేళకీ మధ్య కనీసం గంటన్నర ఉంచుకోండి. దగ్గరి మెట్రో స్టేషన్లు కడోర్నా, కాన్సిలియాజియోనె.

లోపల ఇచ్చేది 15 నిమిషాలే. ఫోటోలకే అవి ఖర్చయిపోకూడదు. ముందు గది వెనక నిలబడి బొమ్మ మొత్తం చూడండి, తర్వాత దగ్గరికి వెళ్లండి. క్రీస్తు పాదాలు కనిపించవు, 1652లో అక్కడ గోడ తొలిచి తలుపు పెట్టారు. ఇక వెనక్కి తిరిగి ఎదుటి గోడ చూడండి. అక్కడున్నది 1495లో మోంటోర్ఫానో వేసిన శిలువ దృశ్యం. తడి సున్నం మీద వేసింది కనుక రంగులు నిలిచాయి. లియొనార్డో ఆరిన గోడ మీద వేశాడు కనుక ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. రెండూ ఒకే గదిలో చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. చాలామంది ఆ వైపు తిరగకుండానే వెళ్లిపోతారు.

డువోమో కెథడ్రల్‌కు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పెద్ద బ్యాగులు రానివ్వరు. ఒక్కటే చూడగలిగితే పైకప్పు ఎక్కండి. మెట్ల దారిలో సుమారు 250 మెట్లు. లిఫ్ట్ టికెట్ కొన్నా చివర్లో కొన్ని మెట్లు ఎక్కాల్సిందే. మామూలుగా సాయంత్రం 6కే టికెట్లు ఆపి 7కు మూసేస్తారు. చలికాలంలో సూర్యాస్తమయం పైనుంచే చూడొచ్చు, జూన్‌లో మాత్రం 7కి ఎండ ఇంకా కాస్తూనే ఉంటుంది.

కిందికి దిగాక పక్కనే గాజు పైకప్పున్న దుకాణాల వీధి, విట్టోరియో ఇమాన్యుయెలె గాలెరియా. దాన్ని దాటితే లా స్కాలా ఒపేరా, అక్కడి నుంచి పది నిమిషాల నడకలో బ్రేరా వీధులు. రాత్రికి పచ్చ మెట్రో లైనులో పోర్తా జెనోవాలో దిగి నవీల్యీ కాలువల గట్టుకు వెళ్లండి. ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ ‘అపెరిటివో’ వేళ, పానీయంతో పాటు చిరుతిండి వస్తుంది.

మెట్రోకు వేరే కార్డు అక్కర్లేదు, బ్యాంకు కార్డునే గేటుకు తాకించవచ్చు. ఊళ్లో ఒక ప్రయాణం 2.20 యూరోలు, 90 నిమిషాలు చెల్లుతుంది. ఎక్కేటప్పుడు ఏది తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. ఒకసారి కార్డు, ఒకసారి ఫోను వాడితే అది రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కవుతుంది. ఎగ్జిబిషన్ కోసం రో ఫియెరా వెళ్లేవాళ్లకు ఊరి టికెట్ చాలదు, ఆ స్టేషన్ ఊరి టికెట్ చెల్లని ఎంఐ4 అనే ఛార్జీల జోన్‌లో ఉంది. సమ్మెలు తరచూ శుక్రవారాల్లో వస్తాయి. ఆ రోజుల్లో కూడా సాధారణంగా ఉదయం 8:45 వరకు, మళ్లీ మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు మెట్రో నడుస్తుంది.

విమానం మల్పెన్సా నుంచి అయితే చివరి పూట స్ఫోర్జా కోటకు కేటాయించండి. ప్రాంగణాలు ఉదయం 7కే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. లోపలి మ్యూజియంలో మైకెలాంజెలో చివరి శిల్పం ‘రొండానిని పియెటా’ ఉంది. దాన్ని ఆయన పూర్తి చేయలేకపోయాడు. కోట నుంచి కడోర్నా స్టేషన్ కొద్ది నిమిషాల నడక, మల్పెన్సా ఎక్స్‌ప్రెస్ అక్కడే ఎక్కొచ్చు. ఇదే రైలు చెంత్రాలే స్టేషన్ నుంచీ బయల్దేరుతుంది కాబట్టి సామాను ఎక్కడ దాచుకోవాలో తేల్చుకునే ముందు ఎక్కే స్టేషన్ ఏదో చూసుకోండి.