బత్తాయి పాదుల్లో వరిగడ్డి పరిచేటప్పుడు
నల్లగొండ చెల్క నేలల్లో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో, నీరు నిలవదు. ఉదయం తడిపిన బత్తాయి పాదు ఏప్రిల్ ఎండకు సాయంత్రానికే పైన పొడిబారి పెచ్చు కడుతుంది. వానాకాలం వరి కోతల తరువాత మిగిలే గడ్డిని మడిలోనే తగలబెట్టకుండా దాచుకొని, ఫిబ్రవరి నెలాఖరులో కలుపు తీసి, పాదును బాగా తడిపి, చెట్టు కొమ్మలు విస్తరించిన మేర 3 నుంచి 4 అంగుళాల మందంతో పరిస్తే, తేమ ఆవిరి కావడం తగ్గి, కలుపు అణగి, తడికీ తడికీ మధ్య వ్యవధి పెరుగుతుంది.

అయితే గడ్డి చెట్టు మొదలును తాకకూడదు. చుట్టూ కనీసం జానెడు ఖాళీ వదలాలి. అక్కడ తడి నిలిస్తే బత్తాయికి అసలే శత్రువైన బంక తెగులు (మొదలు బెరడు పగిలి జిగురు కారే జబ్బు) సులభంగా సోకుతుంది. డ్రిప్పు గొట్టాలు గడ్డి కిందే ఉండాలి కానీ, డ్రిప్పర్లు మూసుకుపోయినా పైకి తెలియదు కనుక, విసుగనిపించినా వారానికోసారి గడ్డి జరిపి చూడక తప్పదు.

గడ్డిని ఎరువనుకొని వెంటనే మట్టిలో కలిపి దున్నకండి. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం తామే వాడుకోవడంతో ఆకులు పసుపుబారవచ్చు. పైపైన పరిచినప్పుడు ఆ ఇబ్బంది చాలా తక్కువ. ఏటా వానాకాలానికి గడ్డి చివికి పలుచబడుతుంది, అప్పుడు మరో పొర వేయాలి. పాత పొరను చేత్తో ఎత్తి చూస్తే కింద మెత్తబడిన మట్టి, వానపాములు వదిలిన సన్నని గుళికలు కనిపిస్తాయి.