హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమాన దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కించాలి?

జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్‌లో తమవారు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వచ్చే మనిషిని తీసుకురావడానికి కారు ఎప్పుడు కదలాలో తెలియాలంటే టికెట్ మీద ఉన్న రెండు సమయాలను సరిగా చదవడం రావాలి. దూరం దగ్గర మొదలుపెడితే ఆ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

ముందుగా విమానాశ్రయాల స్థానాలు తీసుకోండి. ఫోన్‌లోని మ్యాప్‌లో శంషాబాద్ విమానాశ్రయం మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే 17.24 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం అని తెలుస్తుంది. దుబాయ్‌కి అవి 25.25, 55.36. అక్షాంశాల తేడా 8.01, రేఖాంశాల తేడా 23.07.

అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తర దిశగా దూరం 889 కిలోమీటర్లు. రేఖాంశాలు మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందువల్ల 23.07ను 111తో గుణించి, సగటు అక్షాంశమైన 21.25 డిగ్రీల కొసైన్ విలువ 0.932తో మళ్లీ గుణించాలి, 2,387 వస్తుంది. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 2,547 కిలోమీటర్లు. అమెరికా వంటి సుదూర ప్రయాణాలకు ఈ సులువు పద్ధతి చాలదు, అక్కడ భూగోళం వంపును లెక్కలోకి తీసుకునే మహావృత్త సూత్రమే వాడాలి.

జెట్ విమానం గంటకు సుమారు 840 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే దీనికి 3 గంటలు పడుతుంది. విమానం రన్‌వే దాకా కదలడానికి, ఆకాశంలోకి లేవడానికి, కిందికి దిగడానికి మరో అరగంట కలపండి.

ఇక గాలి సంగతి చూడాలి. చలికాలంలో విమానాలు ఎగిరే ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. అది గంటకు 80 కిలోమీటర్లు ఉంటే పోయేటప్పుడు వేగం 760కి తగ్గి మొత్తం 3 గంటల 51 నిమిషాలు, వచ్చేటప్పుడు 920కి పెరిగి 3 గంటల 16 నిమిషాలు అవుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద పైగాలి దిశ మారుతుంది కాబట్టి ఈ తేడా తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది గడియారం దగ్గర. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే ఉంటుంది, దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. హైదరాబాద్‌లో ఉదయం 10:00కు బయలుదేరి దుబాయ్‌లో 12:30కు దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో 15వ తేదీ రాత్రి 10:00కు ఎక్కిన మనిషి, మూడున్నర గంటల ప్రయాణం, గంటన్నర తేడా కలిసి, 16వ తేదీ తెల్లవారుజామున 3:00కు శంషాబాద్‌లో దిగుతాడు. టికెట్ మీద 16 అని చూసి ఆ రోజు రాత్రికి బయలుదేరితే ఒక రోజంతా ఆలస్యమైనట్టే. ఇమిగ్రేషన్ ముగించుకుని, సామాన్లు తీసుకుని అతను బయటికి వచ్చేసరికి 4 అవుతుంది. జగిత్యాల నుంచి కారు 15వ తేదీ రాత్రి 11 గంటలకే కదలాలి.