జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్: పార్టులు ఇయర్‌ఫోన్ దగ్గర్నుంచి వెనక్కి ఎంచుకోండి

సొంతంగా మ్యూజిక్ ప్లేయర్ కట్టుకుందామని, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ పార్టులు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లినవాళ్లు చాలామంది ముందు ప్రాసెసర్ బోర్డు కొనేస్తారు. తర్వాత దానికో డాక్ (డిజిటల్ పాటను శబ్దపు సిగ్నల్‌గా మార్చే చిప్), దానికో బ్యాటరీ. అన్నీ అతికించి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పాట పక్కింట్లోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. లెక్క తిరగేసి వేయాలి. ఏ ఇయర్‌ఫోన్‌తో వింటారో ముందు తేల్చుకుని, దాన్ని నడిపే ఆంప్ (సిగ్నల్‌కు బలమిచ్చే యాంప్లిఫయర్), ఆ వెనక డాక్, దానికి డేటా పంపే చిప్, చివరికి వీటన్నిటినీ మోసే బ్యాటరీ చూసుకోవాలి.

డాక్, ఆంప్

డాక్ అంటే పీసీఎం5102ఏ ఉన్న ఊదారంగు బోర్డు తీసుకోండి, సందేహం అక్కర్లేదు. దాని అవుట్‌పుట్ 2.1 వోల్టులు, కానీ అది లైన్ అవుట్‌పుట్, అంటే మరో ఆంప్‌కు ఇవ్వడానికే తప్ప ఇయర్‌ఫోన్‌ను నడపడానికి కాదు. కనీసం 1000 ఓమ్‌ల లోడ్ కోసం చేసిన చిప్ అది. పైగా బోర్డు మీద అవుట్‌పుట్‌కు వరసలో 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌ను నేరుగా పెడితే మొత్తం 502 ఓమ్‌లలో ఇయర్‌ఫోన్ వాటా 32 మాత్రమే, అంటే వోల్టేజీలో దాదాపు పదహారో వంతు. పాట వినిపిస్తుంది, ప్రాణం ఉండదు.

అందుకని మధ్యలో హెడ్‌ఫోన్ ఆంప్ కావాలి. టీపీఏ6132ఏ2 లాంటి చిప్ ఉన్న చిన్న బోర్డు చాలు. 16 ఓమ్‌లకు ఒక్కో వైపు 25 మిల్లీ వాట్లు ఇస్తుంది, చెవికి అది ఎక్కువే. అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్లూ అక్కర్లేదు. డాక్ నుంచి వచ్చే 2.1 వోల్టులు దీనికి మరీ ఎక్కువ కాబట్టి రెండింటి మధ్య 10కే (10,000 ఓమ్‌ల) స్టీరియో పాట్, అంటే తిప్పే రెసిస్టర్, పెట్టండి. వాల్యూమ్ నాబ్ కూడా అదే అవుతుంది. పాట్ మీద ‘ఏ10కే’ అని ఉండాలి. ‘బీ10కే’ అయితే నాబ్ కొంచెం తిప్పగానే శబ్దం ఒక్కసారి పెరిగిపోయి, మిగతా తిప్పుడంతా వృథా.

షాపులో ‘ఆంప్’ అని అడిగితే పామ్8403, మ్యాక్స్98357ఏ చేతిలో పెడతారు. రెండూ స్పీకర్ కోసం. వాటి అవుట్‌పుట్‌లో గ్రౌండ్ ఉండదు, రెండు తీగలూ సిగ్నలే. ఇయర్‌ఫోన్ జాక్‌లో ఎడమ కుడి రెండింటికీ ఒకటే గ్రౌండ్. అక్కడ కలిపితే ఆంప్ అవుట్‌పుట్ షార్ట్ అయినట్టే.

ఊదా బోర్డు వెనక H1L నుంచి H4L వరకు నాలుగు సాల్డర్ జంపర్లు ఉంటాయి. 1, 2, 4 ‘L’ వైపు, 3 ‘H’ వైపు అతికి ఉండాలి. మూడోది వదిలేస్తే డాక్ మ్యూట్‌లో ఉండిపోతుంది. అన్నీ సరిగ్గా కలిపినా చప్పుడు లేదంటే మొదట చూడాల్సింది అదే. ముందువైపు ఎస్‌సీకే (క్లాక్) పిన్నును గ్రౌండ్‌కు కలపాలి. గాల్లో వదిలితే శబ్దం రాకపోవచ్చు, వస్తే గరగర.

చిప్

ఇంట్లో పెద్దవాళ్లకు పొద్దున్నే భక్తిపాటలు పెట్టుకునే డబ్బా కావాలంటే ఇదంతా అక్కర్లేదు, మెమరీ కార్డులోని పాటలను తనంతట తానే ఆడించే డీఎఫ్‌ప్లేయర్ మినీ బోర్డు ఒక్కటే సరిపోతుంది. ఎంపీ3 ఆడుతుంది, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన పాట ఫైలు) ఆడదు. పాటల వరస ఫైలు పేరును బట్టి కాదు, కార్డులోకి కాపీ చేసిన వరసను బట్టి వస్తుంది. అందుకే ఒక్కొక్కటీ వరసగా కాపీ చేయాలి.

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్ శక్తిమంతమే. కానీ స్విచ్ వేశాక పాట రావడానికి కాసేపు కూర్చోవాలి. బ్యాటరీని 5 వోల్టులకు పెంచే బోర్డు కావాలి. షట్‌డౌన్ చేయకుండా కరెంటు తీసేస్తే ఎప్పుడో ఒకరోజు కార్డు పాడవుతుంది. జేబు ప్లేయర్‌కి అది బరువు.

మిగిలింది ఈఎస్‌పీ32, వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్న చిన్న కంట్రోలర్ చిప్. అందులో కొత్తది కదా అని ఎస్3 కొంటే బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌కి పాట పంపలేరు. ఎస్3, సీ3 రెండిటిలోనూ బీఎల్‌ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) మాత్రమే ఉంటుంది, మామూలు బ్లూటూత్ ఆడియో కావాలంటే పాత ఈఎస్‌పీ32 తీసుకోవాలి. పాతదాంట్లో పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) ఉన్న ‘రోవర్’ మాడ్యూల్ దొరికితే ఫ్లాక్‌కు హాయి. దాని 16, 17 పిన్నులు పీఎస్‌ర్యామ్‌కే పోతాయి, వాటిని ముట్టుకోవద్దు. కార్డు డేటాను 12వ పిన్నుకు పెట్టొద్దు. స్టార్టయ్యేటప్పుడు ఆ పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటే చిప్ తన ఫ్లాష్‌కు (ప్రోగ్రామ్ ఉండే మెమరీకి) 3.3 బదులు 1.8 వోల్టులు ఇస్తుంది, బోర్డు లేవదు. కార్డు తీస్తే లేస్తోంది, పెడితే లేవట్లేదు అంటే ఇదే జబ్బు. కార్డుకు 18, 19, 23, 5 పిన్నులు వాడుకోండి.

కార్డు అడాప్టర్‌లో రెగ్యులేటర్ (వోల్టేజీని తగ్గించి స్థిరంగా ఉంచేది) లేని చిన్నది అడగండి. పెద్ద మాడ్యూల్ మీద ఉండే రెగ్యులేటర్‌కు 5 వోల్టులు కావాలి. 3.3 ఇస్తే కార్డుకు రెండు చిల్లరే చేరుతుంది. కార్డు 32 జీబీ, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసినది. ఇంటికి రాగానే ఎఫ్3 గానీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, అంటే కార్డు సైజు నిజమో కాదో తేల్చే ప్రోగ్రాముతో, నిండా రాసి చదివి చూడండి. నకిలీ అయితే అక్కడే బయటపడుతుంది.

తెరమీద తెలుగు

0.96 అంగుళాల ఓలెడ్ తెరలో ఉండే కంట్రోలర్ చిప్ ఎస్‌ఎస్‌డీ1306. 1.3 అంగుళాలదాంట్లో ఎక్కువగా ఎస్‌హెచ్1106 ఉంటుంది. ఒకదాని లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) రెండోదానికి పెడితే బొమ్మ రెండు పిక్సెళ్లు జరిగి అంచున చెత్త కనిపిస్తుంది.

అసలు తలనొప్పి పాట పేర్లది. ఈ తెరల లైబ్రరీలకు అక్షరం పక్కన అక్షరం పేర్చడమే తెలుసు. ‘శ్రీ’ అని ఇస్తే శ, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా వరసలో నిలబడతాయి. వత్తు కిందికి పోవాలని దానికి ఎవరూ చెప్పలేదు. ఫాంట్ మార్చి లాభం లేదు. కంప్యూటర్ మీదే పేర్లను బొమ్మలుగా చేసి కార్డులో పాట పక్కన పెట్టేయండి. పైథాన్‌లో బొమ్మలు చేసే పిల్లో లైబ్రరీ, దానికి తోడు అక్షరాలను సరిగా కూర్చే లిబ్‌రాక్మ్ (అది లేకపోతే అక్కడా వత్తులు విడిపోతాయి), నోటో సాన్స్ తెలుగు ఫాంట్ చాలు. బొమ్మ సైజు 128×32, నలుపు తెలుపు, 512 బైట్లు. ఐదువందల పాటలకు 250 కేబీ, ఎంపీ3లో అర నిమిషం పాటంత కూడా కాదు. ఎత్తు 16 పిక్సెళ్లకు కుదిస్తే వత్తులన్నీ చుక్కలైపోతాయి, 24కు తగ్గనివ్వొద్దు.

కరెంటు

బ్లూటూత్, వైఫై ఆపేసి ఇయర్‌ఫోన్‌తో వింటే మొత్తం సుమారు 120 మిల్లీ ఆంప్‌లు అనుకోండి. 1500 ఎంఏహెచ్ లిపో (లిథియం పాలిమర్) సెల్‌లో 1200 వాడుకున్నా పది గంటలు వస్తుంది. షాపులోనే మల్టీమీటర్ పెట్టి చూడండి. 3 వోల్టులకు తక్కువ ఉన్నా, కొంచెం ఉబ్బినా వద్దు. కనెక్టర్‌లో ప్లస్, మైనస్ అన్ని సెల్స్‌కూ ఒకేలా ఉండవు. బోర్డుకు గుచ్చేముందు ఆ ఒక్క కొలత తప్పనిసరి.

ఛార్జింగ్‌కు టీపీ4056, ప్రొటెక్షన్ ఉన్నది, అంటే ఓయూటీ ప్లస్, మైనస్ విడిగా ఉన్న బోర్డు. అది వచ్చేటప్పుడే 1 ఆంప్‌కు సెట్ అయి ఉంటుంది. చిప్ పక్కన ‘122’ అని రాసున్న రెసిస్టర్, 1.2కే, దాన్ని నిర్ణయిస్తుంది. 1500 సెల్‌కు దాన్ని తీసి 1.5కే పెడితే 780 మిల్లీ ఆంప్‌లు, 500 సెల్ అయితే 5కే పెడితే 250. ఛార్జ్ అవుతుండగా పాటలు వినొద్దు. కరెంటు సెట్ చేసినదాంట్లో పదో వంతుకు పడిపోతేనే ఛార్జర్ ఆగుతుంది. ప్లేయరే 120 లాగుతుంటే అది ఎప్పటికీ పడదు, సెల్ 4.2 వోల్టుల మీదే నానుతుంది. వినాల్సిందేనంటే ఒక పీ-మాస్‌ఫెట్ (ఏఓ3401), షాట్కీ డయోడ్, గేటుకు 100కే రెసిస్టర్‌తో లోడ్ షేరింగ్ (ఛార్జర్ పెట్టినప్పుడు ప్లేయర్‌కు సెల్ నుంచి కాక నేరుగా ఛార్జర్ నుంచి కరెంటు అందే ఏర్పాటు) కట్టుకోవాలి.

3.3 వోల్టులకు ఏఎంఎస్1117 రెగ్యులేటర్ పనికిరాదు. అది తన వంతుగా 1.1 వోల్టు తినేస్తుంది, సెల్ 3.7కు రాగానే చిప్‌కు 2.6 మిగులుతుంది. ఏపీ2112కే-3.3 గానీ ఎంఈ6211 గానీ తీసుకుని, అవుట్‌పుట్ దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, బోర్డు 3వీ3 పిన్నుకే ఇవ్వండి. డాక్ బోర్డుకు తన రెగ్యులేటర్ ఉంది కాబట్టి దానికి టీపీ4056 ఓయూటీ ప్లస్ లైన్ నుంచి విడిగా తీగ లాగండి, గ్రౌండ్ తీగ కూడా విడిగా ఓయూటీ మైనస్ దాకా. ఓలెడ్, డాక్ ఒకే గ్రౌండ్ తీగ పంచుకుంటే తెర మారినప్పుడల్లా చెవిలో టిక్‌టిక్ వినిపిస్తుంది.

ఆఫ్ చేయడానికి స్లీప్ మోడ్ నమ్ముకోవద్దు. చిప్ పడుకున్నా డెవ్ బోర్డు (ఆ చిప్ అమర్చి వచ్చే బోర్డు) మీద ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్ కలిసి 10 మిల్లీ ఆంప్‌ల దాకా తాగుతుంటాయి, నిండు సెల్ ఆరు రోజుల్లో ఖాళీ. టీపీ4056 ఓయూటీ ప్లస్ తీగలో ఒక స్లైడ్ స్విచ్ పెట్టండి. ఛార్జింగ్‌కు పెట్టేముందు దాన్ని ఆఫ్ చేస్తే పైన చెప్పిన బాధా ఉండదు.