గెడ్డ మీద కాలినడక వంతెన – 3వ పాఠం: ఎత్తు, బరువు

పోయిన పాఠంలో వంతెన ఎక్కడ పడాలో తేల్చుకున్నాం. మనం ఊహించుకున్న ఊరు ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ నదిలో కలిసే ఒక గెడ్డ (కొండవాగు) ఒడ్డున ఉంది. ఇటువైపు బడి, సంత బయలు. అటువైపు మామిడి తోపు, దాని వెనక కొండ కింద అమ్మవారి గుడి. ఈసారి కాగితం మీద ముందుగా గీయాల్సింది వరద మట్టం.

గజపతి జిల్లాలో ఈ పని కాస్త తేలిక. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానును ఎవరూ మర్చిపోలేదు. "నీళ్లు ఎంతవరకు వచ్చాయి తాతా?" అంటే "పీకల్లోతు బాబూ" అంటారు. దానితో మనకు పని జరగదు. "ఏ గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో చూపించండి" అని వెంటబెట్టుకుని వెళ్లండి. నేల చెమ్మకు ఊడిన సున్నం పెచ్చులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వరద చార అలా ఉండదు, గోడ పొడవునా ఒకే మట్టంలో సాగుతుంది. అలాంటి చారలు మూడు నాలుగు చోట్ల దొరికితే, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో ఆ మట్టాలన్నీ వంతెన పడే చోటికి తెచ్చి ఒక గుంజ మీద గుర్తు పెట్టండి. గెడ్డకు ఎగువన ఉన్న ఇంటి చార సహజంగానే కాస్త పైకి వస్తుంది, కంగారు పడకండి. పక్కపక్క ఇళ్ల మధ్య జానెడు తేడా వస్తే మాత్రం ఎవరో పొరబడ్డారన్నమాట, మళ్లీ అడగాలి.

వరద మట్టం దొరికాక, దానిమీద ఎంత ఖాళీ వదలాలి? దీనికి, దేశంలో రోడ్లకూ వంతెనలకూ ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టిక ఉంది. సెకనుకు 30 నుంచి 300 ఘనపు మీటర్ల నీరు పారే చోట వంతెన అడుగుకీ వరద మట్టానికీ మధ్య కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి. 300 దాటి 3,000 వరకైతే 1,200. మన గెడ్డ వరదలో 25 మీటర్ల వెడల్పు, సగటున 3 మీటర్ల లోతు, నీటి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. మూడూ గుణిస్తే 150. పేపర్లో రాసే లెక్కలో దాదాపు 5,300 క్యూసెక్కులు. పట్టిక ప్రకారం 900 చాలు. కానీ కొండ గెడ్డలు వరదలో ఒట్టి నీళ్లే తేవు, వేళ్లతో సహా చెట్లను తెస్తాయి. అందుకే నేను 1,200 కంటే తగ్గించను. మధ్యలో స్తంభం కూడా వద్దంటాను. దుంగలు దానికి అడ్డం పడితే చెత్తంతా అక్కడే పేరుకుని నీరు ఎగదన్నుతుంది. ఒడ్డులకు కాస్త వెనగ్గా దిమ్మలు కట్టి, 30 మీటర్లు ఒకే అంగలో దాటడం మేలు.

ఎత్తు పెంచామంటే వాలు దారి కూడా పెరుగుతుంది. వంతెన తలం ఒడ్డుకన్నా 1.8 మీటర్లు పైన ఉందనుకోండి. వీల్‌చైర్ వెళ్లాలంటే వాలు 12కి 1 మించకూడదు, అంటే 21.6 మీటర్ల దారి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి రెండు చదును చోట్లు కలిపితే దాదాపు 25 మీటర్లు. అది తోపులోకి నేరుగా వెళ్తే రెండు చెట్లయినా కొట్టాలి. అందుకే చెట్ల మధ్య ఖాళీలోంచి మెలిక తిప్పండి. మట్టి కట్ట పోయవద్దు, బరువుకు నేల గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందవు. సన్న గుంజల మీద నిలబెడితే తవ్వేది కొద్దిచోటే. మెలిక దగ్గర చదును చోటును కాస్త వెడల్పు చేసి ఒక బల్ల వేస్తే, సంత నుంచి బరువుతో వచ్చే ఆడవాళ్లు నీడన కూర్చుంటారు. బడి వైపు చోటు తక్కువైతే దారిని గోడ వెంబడి తిప్పండి, పక్కన మెట్లు అదనంగా ఉండొచ్చు. మెట్లు మాత్రమే పెట్టి చేతులు దులుపుకుంటే ముసలివాళ్లు గెడ్డలోంచే దాటుతారు.

వెడల్పు 2 మీటర్లు పెట్టుకుందాం, రెండు వీల్‌చైర్లు ఎదురైనా తప్పుకోవచ్చు.

ఇక బరువు. మామూలు రోజున బడి పిల్లలు, మేకలు, ఒకటో రెండో సైకిళ్లు. వంతెన లెక్క వాళ్ల కోసం కాదు, జాతర రోజు కోసం. మామూలు చోట్ల చదరపు మీటరుకు 400 కిలోలు తీసుకోమంటుంది రోడ్స్ కాంగ్రెస్ నియమావళి. యాత్రా స్థలాల దగ్గర, పెద్ద తిరునాళ్లు జరిగేచోట 500. గుడి ఉంది కాబట్టి మనకు 500. అంటే 30 × 2 × 500, మొత్తం 30 టన్నులు. సొంత బరువు మీటరుకు 400 కిలోలు అనుకుంటే, మీటరుకు అంతా కలిపి 1,400. ఆ బరువు వంతెనను నడిమధ్యన వంచే ప్రభావం (ఇంజనీర్లు బెండింగ్ మూమెంట్ అంటారు) 1,400 × 30 × 30 ÷ 8 = 1,57,500 కిలోగ్రామ్-మీటర్లు. రెండు పక్కలా 1.5 మీటర్ల ఎత్తు ఇనుప ట్రస్సులు (కడ్డీలను త్రికోణాలుగా బిగించిన చట్రాలు) పెడితే, ఆ అంకెను రెండు ట్రస్సులకు సగం చేసి, ఎత్తు 1.5తో భాగించాలి. అంటే ఒక్కో ట్రస్సు పై కడ్డీ, కింది కడ్డీ చెరో 52.5 టన్నుల బలం మోయాలి. ఆ ట్రస్సే రెయిలింగుగానూ పనికొస్తుంది, దాని సందుల్లోంచి పిల్లలు జారకుండా జాలీ వేస్తే చాలు.

ఇంకో లెక్క కూడా చేసి చూడాలి. బాణసంచా కాలుస్తుంటే జనమంతా ఒక పక్కకే చేరతారు. అప్పుడు ఆ పక్క ట్రస్సు మీద సగంకన్నా ఎక్కువ బరువు పడుతుంది.

రాయగడ దగ్గర చెకాగుడ ఊయల వంతెన చూసొచ్చినవాళ్లు "మనకూ అలాంటిదే కావాలి" అంటారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ తీగలనూ, వాటి లంగరులనూ ఏటేటా తనిఖీ చేసే మనిషి ఉండాలి, ఒకేసారి ఎంతమంది ఎక్కాలో చూసే మనిషి ఉండాలి. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లో మోర్బీ ఊయల వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. తెగిపోని వంతెన కూడా ఊగి భయపెట్టగలదు. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిస్తే, నడిచేవాళ్ల అడుగులకు పక్కకు ఊగి రెండు రోజులకే మూతపడింది. ఊపు తగ్గించే పరికరాలు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. మన పంచాయతీకి బిగువైన ట్రస్సే నయం. ఇక్కడి లెక్క బొమ్మ గీసుకోవడానికి మాత్రమే. కట్టే ముందు ఇంజనీరు అన్నీ తిరిగి చూసి సంతకం పెట్టాల్సిందే.

వచ్చే పాఠానికి దిమ్మల పునాదులు, వరద కోత. ఈలోపు రెండు పనులు చేయండి. బడి వరండాలో సుద్దముక్కతో ఒక చదరపు మీటరు గీసి, ఏడుగురు పెద్దవాళ్లను అందులో నిలబెట్టి చూడండి, 500 కిలోలంటే ఏంటో కళ్లకు కడుతుంది. రెండోది, పై లెక్కను 40 మీటర్ల అంగకు మళ్లీ చేసి, కడ్డీ మీద బలం ఎంత పెరిగిందో రాసి ఉంచండి.