ఉద్యోగం పోయాక అప్పుల లెక్క – 3వ పాఠం: ఎవరికి ముందు కట్టాలి?

గత రెండు పాఠాల్లో ఇంటికి వచ్చే ప్రతి రూపాయినీ రాసుకున్నాం. అద్దె, బియ్యం, పాలు, కరెంటు, మందులు, పిల్లల ఫీజు తీసేసి మిగులు ఎంతో తేల్చుకున్నాం. ఎంత చిన్నదైనా ఆ అంకె ఇప్పుడు మీ ముందు ఉండాలి. పీఎఫ్ నుంచి తీసిన డబ్బును మాత్రం అందులో కలపకండి. అది మూడు నెలల తిండికీ అద్దెకీ పెట్టుకున్న డబ్బు.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఎవరు ఎక్కువసార్లు ఫోన్ చేస్తే వాళ్లకే ముందు కట్టేస్తాం. బంగారం మీద అప్పిచ్చిన బ్యాంకు రోజూ ఫోన్ చేయదు కాబట్టి, వేలం నోటీసు వచ్చేదాకా అది గుర్తుకే రాదు. ఈ వరుసను మార్చుకోవడమే ఇవాళ్టి పని.

ముందుగా అప్పులన్నిటినీ మనకు అలవాటైన లెక్కలోకి, అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అనే లెక్కలోకి తెచ్చుకోండి. ఏడాది వడ్డీని 12తో భాగిస్తే చాలు. పర్సనల్ లోన్ 15 శాతం అంటే రూపాయి పావలా వడ్డీ. క్రెడిట్ కార్డు నెలకు 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే అయ్యో పాపం అంటాం, అంతకన్నా ఎక్కువ వడ్డీని పర్సులో పెట్టుకుని తిరుగుతుంటాం. ‘ఫ్లాట్’ అనే మాట కనిపిస్తే ఇంకా జాగ్రత్త. 12 శాతం ఫ్లాట్ మీద రెండేళ్లకు తీసుకున్న బండి ఫైనాన్స్ రూపాయి వడ్డీ కాదు, నిజానికి రూపాయి ముప్పావలా పైనే పడుతుంది. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు కాబట్టి.

ఒక ఇంటి లెక్క చూద్దాం. జీతం పోయింది. భార్య కుట్టుపనితో, భర్త బైక్ ట్యాక్సీతో కలిపి 17,000 వస్తున్నాయి. ఇంటి ఖర్చు పోను మిగిలేది 3,500. కార్డు బాకీ 90,000కు నెల వడ్డీ 3,150. పర్సనల్ లోన్ 2,00,000కు 2,500. నోటు రాసి మూడు రూపాయలకు తెచ్చిన 60,000కు 1,800. బంగారం మీద 1,20,000కు 80 పైసల వడ్డీతో 960. బావమరిది ఇచ్చిన 50,000కు వడ్డీ లేదు. వడ్డీలే 8,410 అవుతున్నాయి. అంటే అందరికీ కట్టడం కుదరదు. ఈ మాట కాగితం మీద కనబడితే గుండె దడదడలాడుతుంది, నిజమే. కానీ అది తెలియకుండా తలా కాస్త పంచడం ఇంకా ప్రమాదం.

కార్డు ‘మినిమం డ్యూ’, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, దాని సంగతే చూడండి. బాకీలో 5 శాతం అంటే 4,500. అందులో వడ్డీ 3,150, దాని మీద 18 శాతం జీఎస్టీ 567. అసలు తగ్గేది 783 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఆ కార్డు వాడటం ఇవాళే ఆపేయాలి.

ఇప్పుడు ప్రతి అప్పు పక్కన ఇంకో గడి గీసి, కట్టకపోతే ఏం పోతుందో రాయండి. బంగారం వేలానికి వెళ్తుంది. పాడుకున్న చీటీ కట్టకపోతే జామీను ఉన్నవాళ్ల మీద పడుతుంది. కార్డు, పర్సనల్ లోన్ కట్టలేకపోతే సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూపే అంకె) పడిపోతుంది, సివిల్ కేసు రావచ్చు, కానీ కట్టలేకపోవడం ఒక్కటే నేరం కాదు. చెక్కు బౌన్స్ అయితే మాత్రం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. అకౌంట్ నుంచి ఆటోమేటిగ్గా పోయే ఈఎంఐ బౌన్స్ అయినా అలాంటి కేసుకు అవకాశం ఉంది. అందుకే బౌన్స్ అయ్యాక కాదు, ముందే బ్యాంకుకు రాయాలి.

ఈ ఇంటికైతే నా సలహా ఇది. బంగారం వడ్డీ 960, నోటు వడ్డీ 1,800 ముందు కట్టాలి. మిగిలే 740 పక్కన పెట్టాలి. బావమరిదికి ముఖం చాటేయకుండా, ఆరు నెలలు ఆగమని ఇంటికి వెళ్లి చెప్పాలి. విడిపించి అమ్మితే అప్పు పోను చేతికి ఏమైనా వచ్చే బంగారమైతే, కొంత అమ్మి మూడు రూపాయల నోటు తీర్చేయడం మంచిది. ఇంట్లో ఈ మాట ఎత్తడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

కార్డుకు, పర్సనల్ లోన్‌కు ఇప్పుడు కట్టలేం కాబట్టి ఆ బ్యాంకులకు ఉత్తరం ఇలా రాయొచ్చు: “నా లోన్ నంబరు ఫలానా. ఫలానా తేదీన ఉద్యోగం పోయింది, కంపెనీ ఇచ్చిన లెటర్ జతచేశాను. ప్రస్తుతం నెలకు ఇంత మాత్రమే కట్టగలను. గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని కోరుతున్నాను.” కార్డు బాకీనైతే తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని అడగండి. బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 90 రోజులు బాకీ పడితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆలోపే ఈ పని జరగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆ వివరాలకు 14448కి ఫోన్ చేయండి. ఇంకో మాట: ఇంటి ఖర్చుల డబ్బును లోన్ ఉన్న బ్యాంకులో ఉంచకండి, బాకీ కింద జమ చేసుకునే వీలు వాళ్లకు ఉంటుంది.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. బూతులు తిట్టినా, చుట్టాలకు ఫోన్ చేసినా తేదీ, టైమ్, నంబరు రాసుకోండి. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆ యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో మాత్రం అప్పు చేయకండి. టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా వెంటనే 14416కి చేయండి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారం అభ్యాసం: మీ అప్పులన్నీ నూటికి ఎంతో రాసి, పక్క గడి నింపి, బ్యాంకు ఉత్తరం ఒక్కటైనా ఇచ్చి రండి. వచ్చే పాఠంలో సెటిల్‌మెంట్ గురించి, అంటే బ్యాంకు కొంత తగ్గిస్తానన్నప్పుడు ఒప్పుకోవాలా వద్దా, ఏ కాగితం చేతికి వచ్చాక డబ్బు కట్టాలి అన్నది చూద్దాం.