పడవలో వేడి పొయ్యి నుంచి కుక్కను కాపాడుకోవడం

పడవ గది ఇరుకైనది కాబట్టి పొయ్యికీ కుక్కకూ మధ్య ఎడం దానంతట అది ఏర్పడదు, మనమే కల్పించాలి. కట్టెల పొయ్యి చుట్టూ ఇనుప జాలీ కంచె పెట్టి, నేలకో గోడకో మరలతో గట్టిగా బిగించండి. ఊరికే నిలబెట్టిన కంచె, పక్కనుంచి మరో పడవ వెళ్లినప్పుడు లేచే అలకే ఒరిగిపోవచ్చు. జాలీ కూడా వేడెక్కుతుంది గనుక దానిని పొయ్యికి ఆనించకూడదు.

పొయ్యి చల్లగా ఉన్న రోజుల్లోనే, పిలవగానే వెళ్లి తన పడక మీద కూర్చోవడం కుక్కకు నేర్పండి. నిప్పురవ్వలు ఎగిరేది పొయ్యి తలుపు తెరిచినప్పుడే కాబట్టి, కట్టె వేసే ముందు ప్రతిసారీ దానిని అక్కడికి పంపాలి. పొయ్యి దగ్గర కుక్కను ఎన్నడూ కట్టివేయవద్దు. వేడి ఎక్కువైతే అది తప్పుకోగలగాలి. విపరీతంగా రొప్పుతుంటే చల్లని చోటికి మార్చి నీళ్లివ్వండి.

నా దృష్టిలో మంటకన్నా భయపడవలసింది, కట్టెలు సరిగా కాలనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కే. రంగూ వాసనా లేని ఆ వాయువును పసిగట్టే అలారం తప్పక ఉండాలి. గాలి వచ్చే రంధ్రాలను చలికాలంలోనూ మూయరాదు. అలారం మోగినా, కుక్క మత్తుగా తూలినా, అందరూ వెంటనే బయటికి రావాలి.

ఒకవేళ కాలితే, కనీసం 10 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచండి. మంచుగడ్డలు, వెన్న, లేపనాలు వద్దు. గాయం చిన్నదిగా కనిపించినా బొచ్చు కింద లోతు తెలియదు కనుక పశువైద్యునికి చూపించండి.